గొర్రెకు దవడ కింద నీరు దిగిందా? ముందు కనురెప్ప తిప్పి చూడండి

దవడ కింద వాచిన గొర్రెను పట్టుకొచ్చి "ఏ మందు తాపాలి?" అని అడుగుతారు. కనురెప్ప చూశారా అంటే లేదంటారు. దయచేసి మందు పేరు అడిగే ముందు కన్ను, పేడ చూడండి. వాపును సాయంత్రం మంద తిరిగొచ్చాక చూడాలి. రోజంతా తల వంచి మేస్తుంది కాబట్టి అప్పుడే బాగా తెలుస్తుంది, తెల్లారేసరికి తగ్గిపోతుంది. వేలితో నొక్కితే గుంట పడుతుంది.

రెప్ప తెల్లగా ఉంది, పెంటికలు మాత్రం గట్టిగానే ఉన్నాయి

వెలుతురులో కింది రెప్పను లాగి లోపలి పొర చూడండి. ఎర్రగా ఉండాలి. కాగితంలా పాలిపోతే చాలావరకు దానికి కారణం రక్తం తాగే నట్టలే (కడుపులోని పురుగులే), అంటే హీమాంకస్. వీటివల్ల పారుడు రాదు, అందుకే చాలామంది నట్టలని అనుకోరు. జీవాన్ని తూచి, బరువుకు తగ్గట్టు ఆల్బెండజోల్ తాపండి. కంటి అంచనాతో తక్కువ తాపితే నట్టలు చావవు, మందుకు అలవాటు పడతాయి. రెండు వారాలకూ రెప్పకు ఎరుపు రాకపోతే డాక్టరును అడిగి వేరే రకం మందుకు మారండి. కార్జపు జలగలు (కాలేయంలో చేరే జలగలాంటి పురుగులు) ముదిరినా ఇలాగే పాలిపోతుంది, అది పేడ పరీక్షలో తేలుతుంది.

నీళ్లలా కంపు కొట్టే పారుడు, పరీక్షలో ఏమీ లేదు

నన్ను దెబ్బతీసింది ఇదే. ఒక ఏడు వానలు వెనకబట్టాక మా మందలో వారంలో తొమ్మిది పోయాయి. పేడలో గుడ్లు లేవన్నారు, నేనూ నట్టలు కావనుకున్నాను. చివరికి చచ్చిన గొర్రెను కోయించి చూస్తే, చిన్నపేగు మొదట్లో గులాబీరంగు నువ్వుగింజల్లాంటివి పొరను పట్టుకుని కనిపించాయి. అవి పొట్ట జలగల పిల్లలు. పెద్ద జలగలు పొట్టలో ఉన్నా అంత హాని చేయవు. పిల్లలు నెలన్నర దాకా పేగును కొరికేస్తాయి, ఆ వయసులో గుడ్లు పెట్టవు. కాబట్టి పరీక్ష తప్పు కాదు, గుడ్లు లేకపోతే జబ్బు లేదనుకోవడం తప్పు.

బతికున్న జీవంలో పట్టుకోవచ్చు. పలచటి పేడను గాజు సీసాలో వేసి నీళ్లు పోసి కలపండి. అడుగుకు దిగాక పై నీళ్లు మెల్లగా వంపేయండి. నీళ్లు తేటపడేదాకా ఇలాగే కడిగి, అడుగున మిగిలిన మడ్డిని నల్లటి పళ్లెంలో పరిచి చూడండి. గులాబీ గింజలు కనిపిస్తే అవే. కనిపించకపోయినా, గత నెలలో చెరువు శిఖంలో (నీళ్లు తగ్గాక బయటపడే చెరువు నేలలో) మేపారా అని గుర్తు చేసుకోండి. అక్కడ చక్రంలా చుట్టుకున్న చదునైన నత్తలుంటే ఆ గడ్డి మీద ఈ జలగల పిల్లలు ఉండే అవకాశం ఎక్కువ.

ఆల్బెండజోల్ వీటి మీద పని చేయదు. ఆక్సిక్లోజనైడ్ కావాలి, మామూలుగా కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు. శిఖంలో మేసిన మంద మొత్తానికీ తాపండి. రెండో మోతాదు అవసరమా అన్నది డాక్టరు చెప్తారు. పారుడుతో నీరసించిన జీవాలకు ఓఆర్ఎస్ నీళ్లు పట్టండి. శిఖానికి తోలడం ఆపి, తాగే నీళ్లు తొట్టిలో పెట్టండి.

పెంటికల్లో తెల్లటి అన్నం మెతుకుల్లాంటివి బద్దె పురుగు ముక్కలు, పెద్ద గొర్రెకు దవడ వాపు వాటివల్ల రాదు. టెన్షన్ వద్దు. పారుడుతో పాటు జ్వరం, నోట్లో పుండ్లు ఉంటే అది పీపీఆర్ (గొర్రెలకు, మేకలకు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే వైరస్ జబ్బు) కావచ్చు. నట్టల మందుతో రోజులు పోగొట్టకుండా ఆ జీవాలను వేరుగా కట్టి, అదే రోజు పశువుల ఆస్పత్రికి కబురు పెట్టండి.