కుళాయి నీళ్లలో థిన్నర్ వాసనా? కారణం తేల్చుకోండి, సరైన టెస్టు చేయించండి

కుళాయి తిప్పగానే పెయింటో, పెట్రోలో, థిన్నరో వాసన కొడితే ఆ నీళ్లు తాగడం, వంటకు వాడడం వెంటనే ఆపేయండి. మరిగిస్తే సరిపోతుందనుకోవద్దు. థిన్నర్, పెట్రోలు లాంటి సాల్వెంట్లు ఆవిరై వంటింటి గాలిలో కలుస్తాయి, దాన్ని మనమే పీలుస్తాం. వేడినీళ్ల స్నానంతోనూ అదే ప్రమాదం. టీడీఎస్ మీటర్ ఇక్కడ పనికిరాదు. అది లవణాల సంగతే చెబుతుంది, పెట్రోలులో ఉండే బెంజీన్ లాంటి విషం ఉన్నా లేకపోయినా ఒకే అంకె చూపిస్తుంది.

ముందు వాసన ఎక్కడ మొదలవుతోందో చూడాలి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) నీళ్లు సంపులో పడకముందు కొన్ని, సంపులోంచి కొన్ని, వంటింటి కుళాయి నుంచి కొన్ని వేర్వేరు గాజు సీసాల్లో సగం వరకు పట్టి, మూత బిగించి ఊపండి. మూత తీసి కాస్త దూరం నుంచే వాసన చూడండి.

వంటింటి కుళాయిలోనే వాసన: తప్పు ఇంట్లోనే ఉంది. ట్యాంకుకు కొత్తగా వేసిన కోటింగో, పీవీసీ పైపులకు పూసిన గమ్మో అయి ఉంటుంది. గమ్ పూర్తిగా ఆరాక పైపులు నింపి, కొన్ని గంటలుంచి, ఆ నీళ్లు పారబోయండి. కోటింగ్ తాగునీటికి పనికొచ్చేది కాకపోతే గీకించేయడమే.

సప్లై మొదలైనప్పుడు వాసన, తర్వాత తగ్గుదల: పెట్రోలు, థిన్నర్ ఇంకిన మట్టిలో ప్లాస్టిక్ పైపు ఉంటే అవి పైపు గోడలోంచే నీళ్లలోకి చేరతాయి. మెకానిక్ షెడ్లు, బంకుల పక్క వీధుల్లో దీన్నే ముందు అనుమానించండి. సప్లై లేని గంటల్లో లీకుల గుండా మురికి కూడా లోపలికి వస్తుంది. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఇంకా ఎక్కువ లాగుతుంది, ఆ మోటారు తీసేయండి. వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఆ ముక్క వరకు ఇనుప పైపు వేయమని అడగండి.

బోరు నీళ్లకే వాసన: భూగర్భజలం చెడింది. మీరు ఒక్కరే బాగుచేసుకోగలిగేది కాదు. బోరు వాడకం ఆపి, కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయండి.

నీళ్లపై రంగుల తెట్టు: పుల్లతో కదిపి చూడండి. పెంకుల్లా విరిగి విడిపోతే అది ఇనుము తినే బ్యాక్టీరియా. విడిపోయి మళ్లీ కలుసుకుంటే నూనే.

వాసనే లేదు, అయినా అనుమానం: ఈ అనుమానాన్ని కొట్టిపారేయకండి. బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. ముక్కు పసిగట్టాలంటే దానికి దాదాపు వెయ్యి రెట్లు ఉండాలి.

మామూలు వాటర్ టెస్టులో సాల్వెంట్లు చూడరు. ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబులో వీఓసీ (తేలిగ్గా ఆవిరయ్యే రసాయనాల) టెస్టు కావాలని, జీసీ-ఎంఎస్ అనే యంత్రం మీద చేస్తారా అని అడగండి. శాంపిల్ తీయడంలోనే చాలామంది చెడగొట్టుకుంటారు. ప్లాస్టిక్ బాటిల్ వద్దు. ల్యాబు ఇచ్చే 40 మిల్లీలీటర్ల గాజు సీసాలో శాంపిల్ చెడకుండా ఉంచే మందు ముందే వేసి ఉంటుంది కాబట్టి కడగకండి, పొర్లనివ్వకండి. కుళాయి మూతి జాలీ విప్పి, సన్నటి ధారతో, నీళ్లు అంచు మీద ఉబ్బెత్తుగా నిలిచేదాకా నింపి మూత బిగించండి. తలకిందులు చేసి వేలితో తట్టండి. చిన్న బుడగ కనిపించినా ఇంకో సీసాలో మళ్లీ పట్టాలి, ఆ ఖాళీలోకే సాల్వెంట్ ఆవిరవుతుంది. తెల్లవారగానే ఎవరూ కుళాయి తిప్పకముందు ఒకటి, కాసేపు వదిలాక ఒకటి తీసి, ఐసు పెట్టెలో అదే రోజు ఇచ్చేయండి.

రిపోర్టులో స్టైరీన్, ట్రైక్లోరోఇథిలీన్, టోలుయీన్ అనే రసాయనాలు లీటరుకు వరుసగా 20, 8, 700 మైక్రోగ్రాములు దాటాయేమో చూడండి. 2020 మే 7న విశాఖ వెంకటాపురంలోని ఫ్యాక్టరీ నుంచి లీకైంది ఆ స్టైరీనే. క్లోరోఫామ్ కాస్త కనిపిస్తే టెన్షన్ పడకండి, క్లోరిన్ కలిపిన నీళ్లలో అది మామూలే.

యూవీ ఫిల్టరు సాల్వెంట్లను తీయదు, ఆర్వో పొర ఒక్కటే అన్నిటినీ ఆపలేదు. పట్టుకునేది యాక్టివేటెడ్ కార్బన్. అదీ నిండిపోతే వదిలేస్తుంది. అందుకే కార్బన్ పెట్టినా, పైపు మార్చినా అదే కుళాయి నుంచి మళ్లీ శాంపిల్ పంపి, రిపోర్టు వచ్చాకే తాగండి.