కరెంటు లేని పాట – 3వ పాఠం: డిస్టార్షన్ తీసేశాక

కిందటి పాఠంలో కరెంటు వాద్యాలు లేకుండా వాయించడానికి మీ బ్యాండు రాక్ పాటల్లో ఒకటి ఎంచుకుని, పాడేవాళ్ల గొంతుకు సరిపడే శ్రుతి ఖాయం చేసుకోమన్నాను. ఈసారి గిటార్ సంగతి చూద్దాం.

ఆంప్ (గిటార్ మోత పెంచే యాంప్లిఫయర్) పక్కన పెట్టి అవే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) అకౌస్టిక్ (కరెంటు అక్కర్లేని గిటార్) మీద వాయిస్తే పనైపోయిందనుకుంటారు చాలామంది. వాయించి చూడండి, చప్పగా ఉంటుంది. డిస్టార్షన్ (రాక్ గిటార్‌కుండే ఆ గరగర) ఉంటే ఒక్కసారి మీటినా మోత బారెడు సాగుతుంది. అకౌస్టిక్‌లో మీటిన మరుక్షణం నుంచే స్వరం తగ్గిపోతూ ఉంటుంది. ఆ ఖాళీ ఇక మీ చేతులే నింపాలి.

ముందు పవర్ కార్డ్స్. ఉదాహరణకు ఏ5 అనే పవర్ కార్డ్‌లో ఉండేవి రెండే స్వరాలు: ఏ, ఈ. మేజరో మైనరో తేల్చే మూడో స్వరం డిస్టార్షన్‌లో కలిస్తే రొద అవుతుందని రాక్ వాళ్లు దాన్ని వదిలేస్తారు. అకౌస్టిక్‌లో ఆ భయం లేదు, పైగా అది లేకపోతే బోసిగా ఉంటుంది. మరి ఏది పెట్టాలి? పాడేవాళ్లను ఆ ఒక్క లైను మెల్లగా పాడమనండి. అక్కడ సీ తగిలితే ఏ మైనర్, సీ షార్ప్ తగిలితే ఏ మేజర్. రెండూ తగలకపోతే ఏ మేజర్ పట్టుకుని రెండో తీగ మీది వేలు ఎత్తేయండి. అది ఏ సస్2, మేజరూ మైనరూ కాని కార్డ్. ఎటూ తేల్చని మాటలకు నాకైతే అదే ఇష్టం.

బ్యాండులో రెండు గిటార్లుంటే ఇద్దరూ ఒకే జీ, సీ, డీ వాయించకండి, అంతా బురదలా కలిసిపోతుంది. ఒకరు మామూలుగా వాయించాలి. రెండోవాళ్లు 5వ ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీది ఐదో గడిలో) క్యాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి డీ, జీ, ఏ ఆకారాలు పట్టాలి. వినిపించేది అవే కార్డ్స్, కాకపోతే పై స్థాయిలో. రెండోవాళ్లు స్ట్రమ్ చేయకుండా (తీగలన్నీ ఒకేసారి గీరకుండా) కింది మూడు సన్న తీగలు మీటితే చాలు.

కుడిచేతికి కసరత్తు ఇది. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 70 దగ్గర పెట్టి, చెయ్యి కిందికీ పైకీ ఆగకుండా ఊపండి. తీగలకు ప్రతిసారీ తగలాల్సిన పని లేదు. 2, 4 బీట్ల మీద మాత్రం గట్టిగా తగలాలి. చరణంలో అరచేతి అంచు బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు బిగించే చోటు) మీద ఆనించి లావు తీగలే వాయించండి, పల్లవికి చెయ్యి ఎత్తేయండి. పాట పెద్దదైనట్టు అనిపిస్తుంది.

డ్రమ్స్ బదులు డప్పు పెడదామని మనవాళ్లకు వెంటనే తడుతుంది. తప్పేం లేదు. కానీ ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ చెప్పేవాళ్ల డోలు విన్నవాళ్లకు తెలుసు, ఇవన్నీ ఆరుబయటి వాద్యాలు. గదిలో సిర్రతో (డప్పు కొట్టే పుల్లతో) కొడితే గిటార్ గల్లంతే. సిర్ర పక్కన పెట్టి వేళ్లతో వాయించండి. ఇంకో చిక్కుంది: మంటకు కాచిన చర్మం చల్లారేకొద్దీ వదులై శ్రుతి దిగుతుంది, వానాకాలంలో ఇంకా తొందరగా. మొదటి టేకుకూ చివరి టేకుకూ పొంతన కుదరదు కాబట్టి మధ్యమధ్య మళ్లీ కాచండి. ప్లాస్టిక్ డప్పుకు ఈ బాధ లేదు, ఆ గొంతూ లేదు.

ఇంటిపని: ఒక పల్లవి, ఒక చరణం ఫోన్‌లో ఒకే టేకులో రికార్డు చేయండి. కాజీపేటలో ఉండేవాళ్లు రైలు కూత పడిందని టెన్షన్ పడకండి, ఇది మీరు వినుకోవడానికే. బోర్ కొట్టిన చోట కొత్త వాద్యం చేర్చకుండా స్ట్రమ్మింగ్ మార్చి చూడండి.

వచ్చే పాఠంలో మైకు. అది సౌండ్ హోల్‌కు (గిటార్ ముందున్న గుండ్రటి రంధ్రానికి) ఎదురుగా కాకుండా 12వ ఫ్రెట్ వైపు ఎందుకు పెడతారో చూద్దాం.