సీప్యాప్ పెట్టుకున్నా నిద్ర పట్టడం లేదా? మాస్కును ఇలా అమర్చుకోండి

నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపే సీప్యాప్ యంత్రాన్ని మొదలుపెట్టిన కొద్ది వారాలకే "ఇది నాకు పడలేదు" అని దాన్ని అటక ఎక్కించేవారిని చూసి చూసి విసిగిపోయాను. నిద్ర పరీక్షల విభాగంలో మాస్కులు అమర్చడం నా పని. అలాంటివారిని మళ్లీ మంచం మీద పడుకోబెట్టి యంత్రం ఆన్ చేస్తే చాలాసార్లు కనిపించేది ఒకటే. మాస్కు అంచు నుంచి గాలి బయటికి పోతూ ఉంటుంది. దాన్ని ఆపాలని పట్టీలు బిగించి ఉంటారు. బిగించిన కొద్దీ ఆ లీకు పెరుగుతూ ఉంటుంది.

సీప్యాప్ వాడేది స్లీప్ ఆప్నియా అనే సమస్యకు. అందులో నిద్రపోగానే గొంతు కండరాలు వదులై శ్వాసమార్గం మూసుకుపోతుంది. సీప్యాప్ పంపే గాలి ఒత్తిడి ఆ మార్గాన్ని తెరిచి ఉంచుతుంది. ఆ ఒత్తిడి గొంతు దాకా చేరకుండా దారిలోనే పోతే మీరు రాత్రంతా ముఖానికి ప్లాస్టిక్ కట్టుకుని పడుకున్నట్టే.

ముందుగా కావలసినవి

యంత్రం, ట్యూబు, మాస్కు, ఫిల్టరు. గాలికి తడి చేర్చే హ్యూమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటర్ పోయండి, మామూలు నీళ్లు పోస్తే అడుగున తెల్లటి పొర కడుతుంది. యంత్రాన్ని పరుపు కంటే కిందుగా పెట్టండి. అలా పెడితే ట్యూబులో చేరిన తడి మీ ముక్కు వైపు రాకుండా వెనక్కి పోతుంది. ట్యూబును తల పైభాగం మీదుగా తెచ్చుకోండి, లేకపోతే పక్కకు తిరిగినప్పుడల్లా మాస్కును లాగుతుంది. ఇంతకు మించి సరంజామా అక్కర్లేదు. ఓజోన్‌తో శుభ్రం చేస్తామని అమ్మే పెట్టెల జోలికి అసలు పోకండి. ఓజోన్ ఊపిరితిత్తులకు మంచిది కాదు, సబ్బునీళ్లు చాలు.

పగలే అలవాటు చేసుకోండి

మాస్కును మొదటిసారి రాత్రి పడుకోబోతూ పెట్టుకోకండి. సాయంత్రం కూర్చుని ఏదైనా చదువుతూనో, టీవీ చూస్తూనో యంత్రం ఆన్ చేసి పెట్టుకోండి. ఊపిరాడనట్టు అనిపిస్తే తీసేయండి, కుదుటపడ్డాక మళ్లీ పెట్టుకోండి. గాలి వదిలేటప్పుడు ఎదురొచ్చే ఒత్తిడికి ఛాతీ అలవాటు పడడానికి కొన్ని రోజులు పడుతుంది. ఇందులో చిట్కాలేమీ లేవు, ఓపిక ఒక్కటే.

ఏ మాస్కు?

ముక్కు మాస్కే. ముక్కు రంధ్రాల దగ్గర ఆనే చిన్న పిల్లో మాస్కు కూడా సరే. నోరూ ముక్కూ కలిపి మూసే ఫుల్ ఫేస్ మాస్కు చివరి మార్గం. దుకాణంలో మొదట చేతిలో పెట్టేది అదే కావచ్చు, కానీ అది ముఖం మీద ఎక్కువ చోట ఆనుతుంది. ఆనే చోటు పెరిగితే లీకయ్యే చోటూ పెరుగుతుంది. పైగా కొందరికి అది దవడను వెనక్కి నెట్టి, తెరవాల్సిన గొంతునే ఇంకొంత ఇరుకు చేస్తుంది. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివాన్ ఈ చికిత్సను తొలిసారి ప్రకటించినప్పుడు గాలి పంపింది ముక్కు ద్వారానే. తొలి రోజుల్లో రోగులు ప్రతి రాత్రీ మాస్కును ముక్కుకు సిలికాన్ జిగురుతో అంటించుకునేవారు. మనకు మెత్తటి కుషన్లు, పట్టీలు వచ్చాయి, సణుగుడు మాత్రం మిగిలింది.

ముక్కు ఎప్పుడూ మూసుకుపోయేవారికి, డాక్టరు ప్రత్యేకంగా చెప్పినవారికి ఈ మాట వర్తించదు.

మాస్కు అమర్చడం: పొరపాట్లన్నీ జరిగేది ఇక్కడే

ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి.

చాలామంది అద్దం ముందు నిలబడి, యంత్రం ఆపి ఉంచి, పట్టీలు సరిచేసుకుని, ఆ తర్వాత వెళ్లి పడుకుంటారు. అందులో ప్రతి అడుగూ తప్పే. నిలబడినప్పుడు ఉన్న ముఖం పడుకున్నాక ఉండదు. బుగ్గలు చెవుల వైపు జారతాయి, దవడ వెనక్కి పోతుంది. యంత్రం ఆపి ఉన్నప్పుడు ఎంత వదులు మాస్కయినా బాగా కూర్చున్నట్టే అనిపిస్తుంది. కాబట్టి మాస్కును పడుకునే, మీరు రోజూ వాడే తలగడ మీదే, గాలి వస్తుండగానే సరిచేసుకోవాలి.

ముందు ముఖం కడుక్కోండి. చర్మం మీద జిడ్డు, క్రీము ఉంటే మాస్కు అంచున ఉండే సిలికాన్ కుషన్ జారుతుంది. గడ్డం, మీసం ఉన్నవారికి కుషన్ ఆనే చోట వెంట్రుకలు ఉంటే లీకు తప్పదు. అలాంటివారికి పిల్లో మాస్కు మేలు.

ఇప్పుడు పట్టీలన్నీ పూర్తిగా వదులు చేయండి. కాస్త వదులు చాలదు, పూర్తిగా. మాస్కు పెట్టుకుని పడుకోండి. యంత్రంలో మాస్కు ఫిట్ పరీక్ష ఉంటే దాన్ని నొక్కండి. అది రాత్రి మీకు అందే ఒత్తిడిలో కాసేపు గాలి పంపుతుంది. ఈ ఒత్తిడిని సెంటీమీటర్ల నీటి ఒత్తిడిగా కొలుస్తారు. 4 దగ్గర లీకు లేని మాస్కు 12 దగ్గర బుస కొట్టవచ్చు, అందుకే తక్కువ ఒత్తిడిలో చేసిన పరీక్షకు విలువ లేదు.

గాలి వస్తుండగా మాస్కును రెండు వేళ్లతో పట్టుకుని ముఖం నుంచి కొంచెం పైకి లేపండి. కుషన్ గాలితో ఉబ్బుతుంది. ఉబ్బిన కుషన్‌ను మెల్లగా ముఖం మీదికి దించండి. ఈ చిన్న పనిని దాదాపు ఎవరూ చేయరు. కుషన్ అంచులో రెండు పొరలు ఉంటాయి, పైపొర సన్నగా, పలచగా ఉంటుంది. గాలి దాన్ని లోపలి నుంచి నొక్కి చర్మానికి అంటిస్తుంది. లీకును ఆపేది ఆ పొరే. పట్టీలను బిగిస్తే అది మడత పడుతుంది, గాలి ఆ మడతలోంచి దూసుకుపోతుంది. గాలి కళ్లలోకి కొట్టి, పొద్దున కళ్లు ఎర్రబడి, ముక్కు దూలం మీద పుండు పడిందంటే మీరు బిగించినట్టే.

తర్వాత కింది పట్టీలు రెండిటినీ ఒకేసారి, సమానంగా, లీకు ఆగేంత వరకే లాగండి. ఆపైన పైపట్టీలు. పట్టీ కింద ఒక వేలు సులువుగా దూరాలి. అప్పుడు కుడి పక్కకు తిరగండి, ఎడమ పక్కకు తిరగండి, నోరు కాస్త తెరిచి మూయండి. లీకు వచ్చిన చోట పట్టీని ముట్టుకోకండి. ముందు మాస్కును మళ్లీ ఎత్తి కూర్చోబెట్టండి. అదీ కుదరకపోతే అప్పుడు పట్టీ. ఎన్నిసార్లు కూర్చోబెట్టినా ఆగడం లేదంటే ఆ సైజు మీది కాదు. పెద్ద సైజు తీసుకుని బిగించి సరిపెట్టుకోవడం చాలామందికి ఉన్న దురలవాటు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మాస్కు ముందు భాగంలో లేదా మోచేయిలా వంగిన గొట్టం దగ్గర చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి గాలి ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, అది లీకు కాదు. మీరు వదిలిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయే దారి అది. పక్కన పడుకున్నవారికి గాలి తగులుతోందని ఆ రంధ్రాలకు టేపు అంటించినవారు ఉన్నారు. అంటించకండి. గాలి ఇబ్బంది పెడుతుంటే మాస్కు మార్చుకోండి.

అర్ధరాత్రి లీకు మొదలైతే కూడా చేయాల్సింది ఇదే: ఎత్తి, ఉబ్బనిచ్చి, దించడం. నిద్రమత్తులో చెయ్యి పట్టీ మీదికే పోతుంది, దాన్ని ఆపాలి. లేకపోతే రాత్రికి ఒక మెట్టు చొప్పున వారం తిరిగేసరికి మాస్కు మళ్లీ బిగుసుకుపోతుంది.

ర్యాంపు

ఒత్తిడిని నెమ్మదిగా పెంచే సదుపాయం ఇది. యంత్రాలు సాధారణంగా 4 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దగ్గర మొదలవుతాయి. చాలామందికి 4 దగ్గర గాలి చాలినట్టు అనిపించదు, అదే గాబరాకు కారణం. నా సలహా, ర్యాంపును ఆపేయండి లేదా ఆరంభ ఒత్తిడిని పెంచమని డాక్టరును అడగండి. చికిత్స ఒత్తిడిని మాత్రం సొంతంగా మార్చకండి. పొట్ట ఉబ్బరించడం, తేన్పులు ఎక్కువైతే గాలిని మింగుతున్నారని, అది పొట్టలోకి పోతోందని అర్థం, అదీ డాక్టరుకు చెప్పాల్సిందే.

పొద్దున నోరు ఎండిపోతోందా?

గాలి నోట్లోంచి పోతోంది. ముందు ముక్కు సంగతి చూడండి, మూసుకుపోయిన ముక్కుతో ఎవరూ నోరు మూసుకుని పడుకోలేరు. సెలైన్ ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, హ్యూమిడిఫయర్ వేడిని ఒక మెట్టు పెంచడం, అప్పటికీ తగ్గకపోతే గడ్డం కింది పట్టీ, ఆ తర్వాతే ఫుల్ ఫేస్ మాస్కు. నోటికి టేపు అంటించుకోమనే సలహా నాకు నచ్చదు. ముక్కు మూసుకుపోయినా, వాంతి వచ్చినా అది ప్రమాదం.

అంకెలు చదవండి

యంత్రం పొద్దున మూడు అంకెలు చూపిస్తుంది: వాడిన గంటలు, లీకు, ఏహెచ్‌ఐ. ఏహెచ్‌ఐ అంటే గంటకు శ్వాస ఆగిన, తగ్గిన సందర్భాల సంఖ్య. పరీక్షలో 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్ప సమస్య, 30 దాటితే తీవ్రమైనది. చికిత్సలో అది 5 కంటే తక్కువ ఉండాలి. అందరూ దాన్నే చూస్తారు, కానీ ముందు చూడాల్సింది లీకును. లీకు ఎక్కువైతే యంత్రం శ్వాసను సరిగా కొలవలేదు, అప్పుడు ఏహెచ్‌ఐ నమ్మదగింది కాదు. రెస్‌మెడ్ కంపెనీ యంత్రాల్లో నిమిషానికి 24 లీటర్లు హద్దు. కొన్ని కంపెనీలు మాస్కు రంధ్రాల్లోంచి పోయే గాలిని కూడా కలిపి చూపిస్తాయి, కాబట్టి మీ అంకెను ఇంకొకరి అంకెతో పోల్చకండి.

గంటల సంగతికొస్తే, రాత్రికి 4 గంటలు వాడితే చాలన్న మాటను పట్టించుకోకండి. అది వాడకాన్ని లెక్కగట్టడానికి పెట్టుకున్న గీటు. కలలు వచ్చే నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. చాలామందికి ఆప్నియా ముదిరేదీ ఆ నిద్రలోనే. మూడింటికి మాస్కు తీసి పక్కన పెట్టేవారు సరిగ్గా ఆ భాగాన్ని వదులుకుంటున్నారు.

అన్నీ బాగున్నా అలసట పోకపోతే

లీకు తక్కువ, ఏహెచ్‌ఐ 5 లోపు, రాత్రంతా మాస్కు ఉంది, అయినా పగలు కునుకులు వస్తున్నాయా? కొందరికి శరీరం తేరుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. అప్పటిదాకా నిద్రమత్తుతో వాహనం నడపకండి. నిద్రలేమి ఆప్నియాతో పాటే ఉండవచ్చు, దానికి వేరే చికిత్స ఉంది. కాళ్లు కదపకుండా ఉండలేకపోవడం, ఇనుము లోపం, థైరాయిడ్, కొన్ని మందులు, చాలని నిద్ర గంటలు కూడా కారణం కావచ్చు. మద్యం, నిద్రమాత్రలు గొంతు కండరాలను మరింత వదులు చేస్తాయి. ఇంకొందరిలో చికిత్స మొదలయ్యాక మెదడు నుంచే శ్వాస సంకేతం ఆగే సెంట్రల్ ఆప్నియా బయటపడుతుంది. యంత్రం నివేదికలో దాన్ని విడిగా చూపిస్తారు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు యంత్రంలోని మెమరీ కార్డును, మాస్కును వెంట తీసుకెళ్లండి. "నిద్ర పట్టడం లేదు" అంటే సరిపోదు. పడుకోగానే పట్టడం లేదా, పట్టాక మెలకువ వస్తోందా, ఏ వేళకు వస్తోంది, లేచేసరికి మాస్కు ముఖం మీద ఉందా, పక్కన పడి ఉందా అన్నవి రాసుకుని వెళ్లండి.