ఊరి చెరువులో చేపపిల్లలు ఎలా వదలాలి? గట్టు మీంచి మాత్రం కుమ్మరించకండి

చెరువు పాటకి లక్షలు కడతారు, సీడ్ (వదలడానికి కొనే చేపపిల్లలు) దగ్గర పిల్లకి పావలా తగ్గించమని గంటసేపు బేరమాడతారు, తీరా బండి చెరువు దగ్గరికొచ్చాక పది నిమిషాల్లో కవర్లు చింపి గట్టు మీంచి కుమ్మరించేసి టీకి వెళ్లిపోతారు. ఎండాకాలం వల లాగితే నాలుగు బొచ్చెలు పడతాయి. అప్పుడు మొదలవుతుంది పంచాయితీ: సీడ్ మంచిది కాదు, కొంగలు తినేశాయి, పక్క ఊరివాళ్లు రాత్రిళ్లు పట్టుకుపోయారు. గుంటూరు, తెనాలి వైపు కాలవ నీళ్లతో నిండే చెరువుల్లో పదిహేనేళ్లుగా పిల్లలు వదిలే పని చేస్తున్నాను. ఈ మాటలు వినీ వినీ విసుగొచ్చింది.

"నాలుగు తల్లి చేపల్ని వదిలేస్తే అవే పిల్లలు పెడతాయిగా, ఏటా కొనడం దేనికండీ" అని అడిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. బొచ్చె, శీలావతి, మోసు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి వానాకాలం ఏటి పారుదల కావాలి. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసాన్ని ఇంజెక్షన్ చేసి గుడ్లు పెట్టించబట్టే ఇవాళ హేచరీల్లో పిల్ల దొరుకుతోంది. కొల్లేరు సంగతి వేరు. అక్కడికి బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి మోస్తుంది, కొర్రమీను, జెల్ల లాంటివి అక్కడే గుడ్లు పెట్టి పెరుగుతాయి, కాబట్టి అక్కడ చిన్న కన్ను వలల్ని అదుపులో పెట్టడమే పెద్ద పని. మన చెరువులో మాత్రం మీరు వదిలినవే మీకు దక్కేవి.

సామాను: పెద్ద బేసిన్, చెంబు, అక్వేరియం షాపులో దొరికే థర్మామీటరు, ఒక హాపా (దోమతెర గుడ్డని నాలుగు కర్రలకి పెట్టెలా కట్టుకుంటే అదే హాపా), నీళ్లలో దిగడానికి ఇద్దరు మనుషులు. ఎండాకాలం చెరువు ఎండితే మీ అదృష్టం. ఎండకపోతే రెండుసార్లు వల లాగి, పిల్లల్ని తినేసే కొర్రమీను, వాలుగ తీసేయండి. గుర్రపుడెక్క పీకించండి, తూముకి జాలి కట్టండి. తాగునీటి చెరువైతే పేడ, ఎరువు ఊసే వద్దు.

సీడ్ వేలెడంత ఉండాలి, అంటే 80 నుంచి 100 మిల్లీమీటర్లు. చవకగా వస్తుందని అంతకంటే చిన్నది కొంటే మిగిలిన కొర్రమీనుకి మేత కొన్నట్టే. మేత వేయని చెరువుకి ఎకరానికి ఎనిమిది వందల పిల్లలు మించొద్దు. పైన తినే బొచ్చె నాలుగు పాళ్లు, మధ్యలో తిరిగే శీలావతి నాలుగు, అడుగున తినే మోసు రెండు. బంగారుతీగ (కామన్ కార్ప్ చేప) తొందరగా పెరుగుతుందని కొందరు వేస్తారు, నేను చస్తే వేయను. అడుగు బురదంతా కెలికి, గట్లు కూడా తవ్వి పెడుతుంది. వాళ్ల చెరువు, వాళ్ల ఇష్టం.

హేచరీవాళ్లకి ముందురోజే చెప్పి పిల్లని పస్తు పెట్టించండి, లేకపోతే దారంతా కవర్లోనే విసర్జిస్తుంది. కవర్లో మూడోవంతు నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్ ఉండాలి. కైకలూరు నుంచి గుడివాడ, విజయవాడ మీదుగా రాత్రిపూట తెచ్చుకోండి.

ఇప్పుడు అసలు పని. ఇక్కడ తొందరపడితే పైన చేసినదంతా దండగ.

పొద్దు పొడవకముందే వదలొద్దు. రాత్రంతా నాచు, చేపలు ఆక్సిజన్ వాడేసుకోవడంతో తెల్లవారుజామున చెరువులో అది బాగా తక్కువగా ఉంటుంది. ఎండ పడి ఒక గంట కానివ్వండి. నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉంటే సీడ్ రోజు మార్చుకోండి, హేచరీవాడు తిట్టినా సరే.

కవర్లు విప్పకుండా నీడ పట్టున నీళ్లలో తేలేయండి. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. ఎండలో తేలేస్తే లోపల నీళ్లు వేడెక్కిపోతాయి. ఒకసారి ఒక నాయకుడొచ్చి ఫోటో దిగాలని గంటన్నర కవర్లన్నీ గట్టు మీద ఎండలో ఉంచారు. నేనూ మొహమాటపడి నోరు మూసుకున్నాను. ఆయన వచ్చేసరికి సగం కవర్లలో పిల్లలు పక్కకి ఒరిగిపోయి మూతులు ఆడిస్తున్నాయి. ఫోటో మాత్రం బాగా వచ్చింది.

తర్వాత ఒక కవరు మూతి విప్పి లోపలి నీళ్లు, చెరువు నీళ్లు థర్మామీటరుతో చూడండి. తేడా రెండు డిగ్రీల లోపుంటేనే మిగతావి విప్పండి. విప్పాక ఇక ఆగకూడదు, ఇది చాలామందికి తెలియదు. రాత్రంతా కవర్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని నీళ్లు కాస్త పులుస్తాయి, ఆ పులుపు వల్ల అందులో ఉన్న అమ్మోనియా పెద్దగా హాని చేయదు. మూతి విప్పగానే ఆ గాలి పోయి పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. అందుకే ముందే అన్నీ విప్పి బీడీ ముట్టించుకునే పని పెట్టుకోకండి. ఇద్దరు మనుషులు ఎన్ని కవర్లు చూసుకోగలరో అన్నే విప్పండి.

విప్పిన వెంటనే ఒక చెంబు చెరువు నీళ్లు, రెండు మూడు నిమిషాలాగి ఇంకో చెంబు, అలా కవర్లో నీళ్లు రెట్టింపయ్యేదాకా పోయండి. అప్పుడు మూతిని నీళ్లలోకి ఒంచి పట్టుకోండి. పిల్లలు వాటంతట అవే పోవాలి. బతికే పిల్ల ఒక్క క్షణం ఆగి, తోక ఆడించి, లోతుకి దూరుతుంది. పోకుండా కవర్లోనే తిరుగుతుంటే ఇంకో చెంబు పోసి ఆగండి, దులపకండి. అనుమానం ఉంటే కొన్నిటిని బేసిన్‌లో వేసి చేత్తో నీళ్లు గిర్రున తిప్పండి. బాగున్నది సుడికి ఎదురీదుతుంది, నీరసించినది సుడితోపాటు తిరుగుతుంది.

అన్ని కవర్ల నుంచీ కలిపి ఒక వంద పిల్లల్ని హాపాలో వేసి ఒక రోజు ఉంచండి. చచ్చిన పిల్ల ముందు అడుక్కి పోతుంది, మర్నాడు తేలినవాటిని కొంగలు ఏరుకుంటాయి, అందుకే గట్టు మీంచి చూసేవాడికి చెరువు చల్లగా ఉన్నట్టే కనిపిస్తుంది. లెక్క తేలేది హాపాలోనే. నూటికి పది దాటి పోయాయంటే ఫోటో తీసి సీడ్ ఇచ్చినవాడికి ఆ రోజే పంపండి. ఆరు నెలలయ్యాక పంపితే ఎవడూ ఫోనెత్తడు.