అనిమే, మాంగాలకు మంచి రివ్యూ రాయడం ఎలా?

మా అక్క కొడుకు అనంతపురంలో ఇంటర్ చదువుతున్నాడు. మొన్న ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఫోన్ నా చేతికిచ్చి, "రివ్యూ రాసినా, చూడు మామా" అన్నాడు. జపాన్ దర్శకుడు మియజాకి 2001లో తీసిన 'స్పిరిటెడ్ అవే' అనే అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సినిమా గురించి. యానిమేషన్ కేక, స్టోరీ సూపర్, మ్యూజిక్ నెక్స్ట్ లెవెల్, ఒకచోట ఏడ్చేశాను, పదికి పది. అంతే.

"యాడ ఏడ్చినావు?" అని అడిగాను.

"రైలు సీన్‌లో మామా. రైలు నీళ్ల మీద పోతాంటుంది. లోపల ఉండేవాళ్లంతా నీడల మాదిరి ఉంటారు. సామాన్లు పట్టుకుని ఒక చిన్న స్టేషన్లో దిగిపోతారు. ఎవరూ ఏమీ మాట్లాడరు. కథలో పిల్లకు పదేళ్లు. కదలకుండా కూర్చోని ముందుకే చూస్తాంటుంది. బయట చీకటి పడతాంటుంది. నన్ను హాస్టల్లో దింపి నాయన బస్సెక్కిన రోజు గుర్తొచ్చింది."

బజ్జీలు చల్లారిపోయాయి. వాడు రాయాల్సిన రివ్యూ అంతా నోటితో చెప్పేశాడు, ఫోన్లో మాత్రం ఎక్కలేదు. కొత్తగా రాసేవాళ్లలో చాలామందికి ఇదే జరుగుతుంది. మా వాడితో కూర్చుని ఏమేం చేశామో వరసగా చెబుతాను.

1. ఎంతవరకు చూశారో ముందే చెప్పండి

టీవీ అనిమే ఒక సీజన్ అంటే మామూలుగా 12 లేదా 13 ఎపిసోడ్లు. ఒక్కోటి పాటలతో కలిపి 24 నిమిషాలకు అటూ ఇటూ. మీ మాట నమ్మి ఒకరు దాదాపు ఐదు గంటలు పెడతారన్నమాట. మూడు ఎపిసోడ్లే చూసి రాసినా తప్పు లేదు, ఆ సంగతి మొదటి లైన్లోనే ఉండాలి. జపనీస్‌లో సబ్‌టైటిల్స్‌తో చూశారా, తెలుగు డబ్బింగ్ చూశారా, అదీ రాయండి.

2. మనసులో మిగిలిన సీన్ మళ్లీ చూడండి

నా దృష్టిలో అసలు పని ఇదే. మొదటిసారి చూసేటప్పుడు నోట్స్ రాసుకోవద్దు, హాయిగా చూడండి. మరుసటి రోజుకు ఏ సీన్ గుర్తుందో దాన్ని మాత్రం రెండుసార్లు చూడండి. ఒకసారి సౌండ్ తీసేసి, ఇంకోసారి కళ్లు మూసుకుని.

మేమిద్దరం ఆ రైలు సీన్‌ను అట్లాగే చూశాం. సౌండ్ తీసేస్తే కిటికీ అవతల వెలుతురు కొంచెం కొంచెంగా ఎలా తగ్గుతుందో కనబడింది. కళ్లు మూసుకుంటే సంగీత దర్శకుడు జో హిసాయిషి పియానో ఎంత నెమ్మదిగా నడుస్తుందో వినబడింది. "మ్యూజిక్ నెక్స్ట్ లెవెల్" అన్న మాట కొట్టేసి మా వాడు, "ఎవరూ మాట్లాడని ఆ రైల్లో పియానోనే ఆ పిల్లకు తోడు" అని రాసుకున్నాడు. మొదటి మాట ఏ సినిమాకైనా సరిపోతుంది. రెండోది ఈ సీన్‌కు తప్ప ఇంకోదానికి సరిపోదు.

మీరు రాసిన ప్రతి పొగడ్త పక్కన, ప్రతి తిట్టు పక్కన "ఎక్కడ?" అని రాసి పెట్టుకోండి. జవాబు దొరక్కపోతే ఆ వాక్యం తీసేయండి.

3. బొమ్మ ఎలా కదులుతుందో తెలుసుకోండి

"బొమ్మలు కదలడం లేదు, డబ్బులు మిగుల్చుకున్నారు" అని చాలామంది రాస్తారు. అంత తొందర వద్దు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు పోతాయి. టీవీ అనిమేలో ఒక్కో బొమ్మను రెండు, మూడు ఫ్రేముల పాటు అలాగే ఉంచుతారు కాబట్టి సెకనుకు 12 లేదా 8 బొమ్మలే గీస్తారు. 1963లో తెజుకా అనే బొమ్మల కథల రచయిత తన 'ఆస్ట్రో బాయ్'ని వారం వారం టీవీకి అందించడానికి ఇంకా తక్కువ బొమ్మలతో నెట్టుకొచ్చాడు. ఆ పొదుపులోంచే తక్కువ కదలికతో కథ నడిపే పద్ధతి పుట్టింది.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. తోలుబొమ్మ ముఖంలో కవళిక మారదు. భుజం దగ్గర, మోచేతి దగ్గర దారంతో కట్టిన కీళ్లు కదులుతాయి, మిగతాదంతా వెనక పాడే గొంతు నడిపిస్తుంది. అయినా రావణుడికి కోపం వచ్చిందని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. అనిమేలో కూడా ముఖం కదలనప్పుడు గొంతు, సంగీతం, నిశ్శబ్దం ఏం చేస్తున్నాయో గమనించి, ఆ తర్వాత బాగుందో లేదో తేల్చండి.

స్టూడియో పేరు కూడా చూసుకోవాలి. 'అటాక్ ఆన్ టైటాన్' సిరీస్ మొదటి మూడు సీజన్లు విట్ స్టూడియో చేసింది, 2020లో మొదలైన చివరి సీజన్ మాపా (MAPPA) అనే ఇంకో స్టూడియోది. గీత మారిందని రాసేవాళ్లు ఈ ఒక్క ముక్క రాస్తే చదివేవాళ్లకు కారణం కూడా తెలుస్తుంది.

4. మాంగా అయితే పేజీ గురించి రాయండి

మాంగా అంటే జపాన్ కామిక్స్, కుడి నుంచి ఎడమకు చదవాలి. మీ రివ్యూ చదివి మొదటిసారి పుస్తకం పట్టుకునేవాళ్లకు ఇది చెప్పి తీరాలి, లేకపోతే డైలాగులు తలకిందులవుతాయి.

మాంగాలో కథతో పాటు పేజీని బొమ్మల గళ్లుగా ఎలా విడగొట్టారన్నది చూడాలి. బాస్కెట్‌బాల్ మీద ఇనోయే గీసిన 'స్లామ్ డంక్' 31 సంపుటాలు. చివరి మ్యాచ్ ఆఖరి క్షణాల్లో డైలాగులు దాదాపు ఉండవు. పేజీలు తిప్పేకొద్దీ మన ఊపిరి కూడా ఆటగాళ్లతో పాటే బిగుసుకుంటుంది. పుస్తకంలో ఆ టెన్షన్ మాటలు తీసేయడం వల్లే వచ్చింది.

మాంగా నుంచి వచ్చిన అనిమే అయితే రెండూ ఒకటేనా అని చూడండి. 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్' మొదటి అనిమే 2003లో వచ్చేసరికి మాంగా పూర్తి కాలేదు, అందుకే సగం నుంచి దాని దారి వేరైంది. 2009లో వచ్చిన రెండోది మాంగాను అనుసరించింది. ఏది చూశారో చెప్పకపోతే మీరొక కథ గురించి, చదివేవాళ్లింకో కథ గురించి మాట్లాడుకున్నట్టే.

5. గుట్టు విప్పొద్దు

పైన మ్యాచ్ గురించి ఇంత చెప్పినా ఎవరు గెలిచారో రాయలేదు. మీరూ అట్లాగే చేయొచ్చు. విప్పక తప్పకపోతే ముందు హెచ్చరించండి.

6. తెలుగు డబ్బింగ్‌కు ఒక పేరా ఇవ్వండి

2025లో 'డీమన్ స్లేయర్' సినిమా తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. మనం మాత్రమే రాయగలిగిన రివ్యూ ఇక్కడుంది. జపనీస్‌లో ఎదుటివాళ్ల స్థాయిని బట్టి మాట మారుతుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌లో అదంతా ఒక్క 'యూ'లో కలిసిపోతుంది. మనకు నువ్వు, మీరు ఉన్నాయి, అన్నా అని పిలుపుంది. ఒక పాత్ర గురువును 'మీరు' అంటూ ఉండి కోపంలో 'నువ్వు'కు దిగితే తెలుగు చెవికి అది తగులుతుంది. డబ్బింగ్ రాసినవాళ్లు ఈ అవకాశం వాడుకున్నారా లేదా వినండి. ఒక్క డైలాగు చూపించి చెప్పండి.

మార్కులు వేయాలనుంటే ఆఖర్న వేయండి. పైనే అంకె కనబడితే కింద చదవడం మానేస్తారు.

మా వాడు ఆ రాత్రి మళ్లీ రాసి పంపాడు. మొదలు ఇలా ఉంది: "మా నాయన నన్ను హాస్టల్లో దింపి వెళ్లిపోయిన సాయంత్రం ఎట్లుండిందో నేను ఎవరికీ చెప్పలేదు. నీళ్ల మీద పోయే ఒక రైలు చూసినాక చెప్పాలనిపించింది." పదికి పది అలాగే ఉంచాడు, చివరి లైన్లో.