తీర్మానం రాయకముందే రైతుల మాట వినడం

ఒక పంట బోదె (పొలాలకు నీరందించే చిన్న కాలువ) కింద అందరూ ఒకే వారంలో సార్వా (ఖరీఫ్) నాట్లు ముగిస్తే, నవంబరు తుపానులకు ముందే కోతలు పూర్తవుతాయని నీటి సంఘం భావించిందనుకుందాం. ఇది ఓట్లతో నెగ్గించుకునే విషయం కాదు. పది కమతాలు వెనకబడినా బోదెకు నీరు ఆపలేరు, ముందు కోసినవారి చేలు ఆరవు. కనుక అందరి సమ్మతి కావాలి.

సభకు మూడు నాలుగు వారాల ముందే, ఏ ముసాయిదా రాయకుండా, అభిప్రాయాలు సేకరించాలి. రాసిన కాగితం చేతికిస్తే మనిషి సరే అనో కాదనో చెప్పి ఊరుకుంటాడు. సభలో కాదన్నవాడికి ఆ మాట పంతంగా మారుతుంది.

ముందుగా శివారు రైతులను కలవాలి, ఎందుకంటే గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే నీరు వారికి చివరన అందుతుంది. తరువాత కౌలుదారులను కలవాలి. 1997 నాటి చట్టం కింద ఏర్పడిన నీటి సంఘాల జాబితాలో రికార్డుకెక్కని కౌలుదారు పేరు ఉండదు గానీ, పెట్టుబడి పెట్టి నాట్లు వేయించేది అతడే. కోత మిషన్ల యజమానులను, నాట్ల ముఠాలను కూడా అడగాలి. టీ కొట్టు దగ్గర అడగడం తేలికే, కానీ అక్కడ పెద్ద రైతుల మాటే వినబడుతుంది. చేను గట్టు మీద విడిగా అడగడం మేలు.

“జూన్ మొదట్లో ఆకుమడి (నారుమడి) పోస్తారా?” అని కాక, “నిరుడు మీ ఆకుమడి ఎందుకు ఆలస్యమైంది?” అని అడగాలి. మొదటి ప్రశ్నకు మొహమాటం జవాబు చెబుతుంది. రెండోదానికి డ్రైను పూడిపోయిందనో, అప్పు పుట్టలేదనో, విత్తనం అందలేదనో అసలు కారణాలు బయటపడతాయి. మురుగు దిగని చేనుగల రైతుకు నాట్ల తేదీ కంటే పూడికతీతే ముఖ్యం. ఆ పని వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో పూర్తిచేయాలన్న షరతు ప్రతిపాదనలో మొదటి అంశం కావచ్చు.

విన్నదాన్ని చెప్పినవారి మాటల్లోనే పుస్తకంలో రాసి, వారికి చదివి వినిపించాలి. “మీరెలా అంటే అలా” అన్నది సమ్మతి కాదు, వారిని మరోసారి కలవవలసిందే. ముసాయిదా సిద్ధమయ్యాక, అభ్యంతరం చెప్పినవారికే ముందుగా చూపించి, ఏ సూచనను ఎందుకు చేర్చలేకపోయారో చెప్పాలి. అప్పటికీ ఒకరిద్దరు ఒప్పుకోకపోతే, నిర్ణయాన్ని ఒక్క సార్వాకే పరిమితం చేసి, దాళ్వాకు (రబీ పంటకు) ముందు మళ్లీ చర్చించాలని తీర్మానంలోనే రాయవచ్చు.