పెద్ద వాలుగ గాలానికి పడితే

ధవళేశ్వరం దగ్గర గోదావరిలో నేను గాలం వేస్తుంటాను. వానాకాలం వాలుగ గుడ్లు పెట్టే సమయం. అప్పుడు పడిన పెద్ద చేపను వదిలేయడమే నా పద్ధతి. ఈ జాతి ఇప్పుడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ముప్పు జాబితాలో ఉంది.

బయల్దేరే ముందే గాలం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ప్లయర్స్‌తో నొక్కేయండి. గట్టి దారం వాడండి. సన్న దారంతో ఎక్కువసేపు లాగితే చేప అలసిపోయి, వదిలాక కూడా బతకకపోవచ్చు.

నోట్లో వేలు మాత్రం పెట్టకండి. వాలుగ దవడల నిండా సన్నని పదునైన పళ్లుంటాయి. ఒకసారి నా బొటనవేలు చీరుకుపోయింది, మానడానికి రెండు వారాలు పట్టింది. అప్పటి నుంచి పొడవాటి ప్లయర్సే. గాలం గొంతులోకి దిగిపోతే పీకొద్దు, దారాన్ని దగ్గరగా కత్తిరించండి. జెల్ల చేప పడితే పళ్లకన్నా ముళ్లతోనే ప్రమాదం: వీపు మీద ఒకటి, రెండు పక్కలా చెరొకటి.

వాలుగకు పొలుసులు లేవు, ఒంటిమీద జిగురే దానికి కాపు. అందుకే చేతులు తడుపుకోండి, ఎండకు కాలిన ఇసుక మీద పడుకోబెట్టకండి. నేను తడిపిన గోనెసంచి పరుస్తాను. ఎత్తాల్సి వస్తే ఒక చెయ్యి తల వెనక, ఇంకోటి పొట్ట కింద. దవడ పట్టుకుని వేలాడదీస్తే దాని బరువుకే లోపల దెబ్బతింటుంది. మొప్పల్లో వేళ్లు అసలే వద్దు. ఫోటో ఒక్కటి చాలు.

తర్వాత మోకాలి లోతు నీళ్లలో తలను ప్రవాహానికి ఎదురుగా ఉంచి పట్టుకోండి. మొప్పలు నిదానంగా ఆడతాయి. తోక గట్టిగా కొట్టి చేతుల్లోంచి తనంతట తను జారిపోయేదాకా వదలకండి.